ఈరప్ప ఆపిన ఓడ

మా బావ ఈరప్ప యుద్ధనౌకలు బాగుచేసేవాడని చెబితే బాగేపల్లి సంతలో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. చిత్రావతిలో మోకాలి లోతు నీళ్లు పారితే చూడడానికి పరుగెత్తే తాలూకా మాది. పరగోడు లాంటి పల్లెలో రైతుకు ఓడతో ఏం పని అని అడగడం తేలికే. అడిగేవాళ్లలో సగం మందికి సముద్రం ఏ దిక్కున ఉందో తెలియదు. నేనూ చూడలేదనుకోండి. కానీ నేను నవ్వను. ఒకప్పుడు నవ్వాను, నవ్వడమే కాదు, మనిషిని వీధిలో నిలబెట్టి తిట్టాను కూడా. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఈరప్ప మా అక్క అక్కయమ్మ భర్త. పరగోడులో ఆరెకరాల మెట్ట, ఒక బావి, బావి మీద కపిల. ఎద్దులు ముందుకు నడిస్తే తోలు బాన నిండి పైకి వస్తుంది, వెనక్కి నడిస్తే మళ్లీ బావిలోకి దిగుతుంది. పుట్టినప్పటి నుంచి ఆయన చూసిన యంత్రం అదొక్కటే. 1934లో చింతామణి దగ్గర వెంకటరాయప్ప అనే పెద్ద రైతు తన బావికి ఆయిల్ ఇంజన్ తెప్పించాడు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వెళ్లి చూసి వచ్చారు. మా బావ వెళ్లాడు గానీ రాలేదు. నాలుగో రోజు మా అక్క నన్ను పంపింది. వెళ్లి చూద్దును కదా, ఒళ్లంతా నూనె పూసుకుని ఇంజన్ ముందు కూర్చుని ఉన్నాడు. అది ఆగిపోయిందట, బెంగళూరు మెకానిక్ ఎప్పటికీ రాకపోతే ఈయనే విప్పాడట. విప్పిందంతా మళ్లీ బిగించాడు. ఇంజన్ నడిచింది. కానీ చేతిలో ఒక నట్టు మిగిలింది. వెంటనే ఇంజన్ ఆపేశాడు.

వెంకటరాయప్ప మండిపడ్డాడు. "నీళ్లు వస్తాండాయి కదప్పా, ఇంకేం కావల్ల నీకు? మడి ఎండిపోతాండాది!"

"ఈ నట్టు యాడిదో తెలీకుండా తిప్పేది ల్యాదు," అన్నాడు మా బావ.

"ఇంజన్ నాది!"

"నట్టు నా చేతిలో ఉండాది."

సాయంత్రానికి ఆ నట్టు చోటు దొరికింది. అప్పుడే ఇంజన్ మళ్లీ తిరిగింది. వెంకటరాయప్ప కోపిష్టి గానీ చెడ్డవాడు కాడు. ఇంత మొండివాడు తన మడి దగ్గర వద్దని, మిషన్ల దగ్గరే ఉండాలని, బెంగళూరులో తనకు తెలిసిన వర్క్‌షాపుకు తానే చీటీ రాసిచ్చాడు. అక్కడ ఏడేళ్లు ఫిట్టరు పని నేర్చుకున్నాడు మా బావ. 1941లో యుద్ధానికి పనివాళ్లు కావాలని నౌకాదళం వాళ్లు ఫిట్టర్లను పోగుచేస్తుంటే పేరిచ్చాడు. పడమటి తీరంలో ఒక రేవు, అక్కడ ఓడల మరమ్మతు వర్క్‌షాపు. అది ఏ రేవో, ఏ ఓడలు వస్తాయో ఉత్తరాల్లో రాయకూడదని ఉత్తరువు. తర్వాత నోటితోనూ చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

నేనప్పటికి ఖద్దరు కట్టినవాణ్ణి. 1938లో విదురాశ్వత్థలో జెండా ఎత్తిన జనం మీద పోలీసు కాల్పులు జరిగినప్పుడు ఆ జనంలో ఉన్నాను. అప్పటి నుంచి సర్కారు పేరు చెబితే ఒళ్లు మండేది. సెలవు మీద వచ్చిన బావను వీధిలోనే పట్టుకున్నాను.

"తెల్లోడి ఓడలకు నట్లు బిగిస్తాండావే, సిగ్గు ల్యాదా బావా?"

ఆయన గొంతు పెంచలేదు. నాకు అదే ఇంకా మంట.

"ఓడ తెల్లోడిదే రామకృష్ణా. దాని కడుపులో బాయిలర్ కాడ, మంట ముందర నిలబడేటోళ్లు ఎవరనుకుంటివి? రత్నగిరోళ్లు, మలబారోళ్లు, పంజాబోళ్లు. పైనుండే దొరకు దూకేదానికి పడవుంటాది. కిందుండేటోళ్లకు నిచ్చెన ఒకటే దారి. నువ్వు జెండా పట్టుకోని పో, నేనొద్దన్లే. నా పని నన్ను చేసుకోనీ."

నేను ఇంకా తిట్టాను.

ఆయన పని ఏమిటో అప్పుడు నాకు తెలిసి ఉంటే నోరు అంత లేచేది కాదేమో. ఓడలో ఉండే ఇంజనీర్లు ఓడను నడుపుతారు. నడిచే ఓడ అరుగుతుంది, కారుతుంది, బీటలు వారుతుంది. నెల రోజులు సముద్రంలో తిరిగి నాలుగు రోజులు రేవులో ఆగుతుంది. ఆ నాలుగు రోజుల్లో దాన్ని ఇంకో నెలకు సిద్ధం చేయడం ఒడ్డున ఉన్నవాళ్ల పని. ఓడ గట్టుకు చేరకముందే దాని డిఫెక్టు లిస్టు వచ్చేది. మా బావ దాన్ని జబ్బుల పట్టీ అనేవాడు. అన్ని జబ్బులకూ మందు వేయడానికి టైము చాలదు. ఇది చేయకపోతే ఓడ కదలకూడదు అన్నవాటికి ఎర్ర పెన్సిలు గీత, వచ్చేసారి చూద్దాం అన్నవాటికి నీలం గీత. ఎర్ర గీత పడిన ప్రతి పనికీ రిజిస్టరులో 'అయింది' అని మేస్త్రి సంతకం పెడితేనే ఓడకు సెలవు. సంతకం మేస్త్రిది, పని ఫిట్టరుది.

1943లో వానలు వెనకబట్టాక ఒక చిన్న యుద్ధనౌక వచ్చింది. శత్రువులు సముద్రంలో వదిలిన మందుపాతరలను ఏరివేసే ఓడ, అందులో ఎనభై మంది మనుషులు. పట్టీలో మొదటి జబ్బు, బాయిలర్‌కు నీళ్లు తోసే పంపు టకటకమని కొట్టుకుంటోంది. మా బావ వెళ్లి చూశాడు. ఆ పంపులో పైన ఆవిరి, కింద నీళ్లు, రెంటినీ కలుపుతూ మణికట్టంత లావు ఉక్కు కడ్డీ ఒకటి పైకీ కిందకీ ఆడుతుంది. పంపు ఆపించి ఆ కడ్డీని తుడిచి మెడ దగ్గర గోరు పెట్టి చుట్టూ తిప్పాడు. ఒకచోట గోరు తట్టుకుంది. చీలిక అన్నాడు. మేస్త్రి భూతద్దం పెట్టి వెతికినా ఏమీ కనపడలేదు. అయినా ఈరప్ప గోరు తప్పు చెప్పదని ఎర్ర గీత గీశాడు.

ఆ కడ్డీ నడిసముద్రంలో విరిగితే బాయిలర్‌కు నీళ్లు ఆగిపోతాయి. నీళ్లు లేని బాయిలర్ కింద మంట మండుతుంటే ఆ ఎనభై మందికి వేరే శత్రువు అక్కర్లేదు. రెండో పంపు ఒకటి ఉంది గానీ అది నాలుగు గంటలకు మించి పనిచేయదని అదే పట్టీలో, నీలం గీత కింద, రాసి ఉంది. కాబట్టి కొత్త కడ్డీ చేయాలి. అది రెండు రోజుల పని. ఓడ బయలుదేరడానికీ రెండు రోజులే ఉంది. కొత్తది తయారయ్యేదాకా పాతదాన్ని పంపులోనే ఉంచి, మా బావ లేతు పట్టాడు. మొదటి రోజు పని ముగిసే వేళకు కడ్డీ సగమైంది.

ఇక్కడ మా నోళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు ఇంట్లో తెలుగు, బడిలోనూ సర్కారు కచేరీలోనూ కన్నడం. ఎవరైనా పెద్దవాళ్లు మనకు పని చెబితే 'ఆయ్తు' అంటాం. ఆ కన్నడం ముక్కను విడదీసి చూస్తే 'అయింది' అని. మేము అనేది మాత్రం 'సరే, విన్నాను, చేస్తాను' అని. తాలూకా అమల్దారు రేపు కచేరీకి రమ్మంటే 'ఆయ్తు స్వామీ' అంటాం. రేపు ఇంకా రానే లేదు, మేము ఇంకా వెళ్లనే లేదు, అయినా ఆయ్తే. పుట్టినప్పటి నుంచి చెవిన పడిన మాట కాబట్టి మాలో మాకు ఎన్నడూ పేచీ రాలేదు.

మా బావకు మేస్త్రిగా ఉన్నాయన కార్వారు మనిషి. ఆయన ఇంటి మాట కొంకణి. మా బావతో మాట్లాడే కన్నడం బడిలో పుస్తకాల్లోంచి నేర్చినవాడు, ఆయనకు ఆయ్తు అంటే అయిందనే. ఆ సాయంత్రం ఆయనకు పైనుంచి హఠాత్తుగా కబురు వచ్చింది. సరుకు ఓడల గుంపు ఒకటి ఒక రోజు ముందే బయలుదేరుతోంది, దానికి కాపలాగా ఈ ఓడ రేపు పొద్దున పదికే వెళ్లాలి. ఎర్ర గీతల పనులు ఎంతవరకు వచ్చాయో చెప్పమన్నారు. మేస్త్రి రిజిస్టరు చంకన పెట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పరుగెత్తాడు. పక్క షెడ్డులో రివెట్లు కొడుతున్నారు, చెవులు చిల్లులు పడే చప్పుడు. వాకిట్లో నుంచే మా బావను చూసి "పంపు ముగీతా?" అని అరిచాడు. ముగిసిందా అని ఆయన అడిగింది. ఆ హోరులో మా బావకు "ముగ్సు" అని వినపడింది. త్వరగా ముగించు అని మేస్త్రి కేక వేస్తున్నాడనుకుని, లేతు మీద నుంచి తల ఎత్తకుండానే "ఆయ్తు!" అని అరిచాడు.

మేస్త్రి రిజిస్టరు తెరిచి, అయింది అని రాసి, సంతకం పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి మా బావ వర్క్‌షాపుకు వస్తే ఆ ఓడ గొట్టం పొగ కక్కుతోంది. మేస్త్రిని పట్టుకున్నాడు. "నా కడ్డీ లేతు మీదే ఉండాదే, ఓడ యాడికి పోతాండాది?"

"నిన్న నువ్వే కదా ఆయ్తు అన్నావు!"

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఈ ముక్క చెబుతున్నప్పుడు మా బావ ఎప్పుడూ నా ముఖం చూసేవాడు కాడు.

మేస్త్రి మాత్రం చేతులు పట్టుకుని బతిమాలాడు. ఇన్నాళ్లు నడిచిన కడ్డీ ఇంకో నెల నడవదా, తిరిగి రాగానే గుట్టుగా మార్చేద్దాం, ఇప్పుడు నోరు తెరిస్తే ఇద్దరం వీధిన పడతాం అన్నాడు. ఆయనకు నలుగురు పిల్లలు. మా బావకూ ముగ్గురున్నారు.

"నువ్వు రాసింది అబద్ధం కాదప్పా, విన్నదే రాసినావు. తప్పు నా నోటిది. నేనే చెప్తా," అని మా బావ ఒక్కడే వర్క్‌షాపు పెద్ద దొర గదికి వెళ్లాడు.

దొర కుర్చీలో నుంచి కదలకుండా అంతా విన్నాడు. రిజిస్టరు తిప్పి చూపించాడు. పని అయిందని రాసి ఉంది, ఓడ సిద్ధమని కబురు వెళ్లిపోయింది, సరుకు ఓడలు రేవు బయట ఎదురుచూస్తున్నాయి, ఒక ఫిట్టరు గోటికి ఏదో తగిలిందని నౌకాదళాన్ని ఆపలేము అన్నాడు. ఆ గోటిని నమ్మే మొన్న ఎర్ర గీత గీశారని ఆయనకు గుర్తు రాలేదో, గుర్తుకు తెచ్చుకోవడం ఇష్టం లేదో.

మా బావ తనకు వచ్చిన ముక్కల హిందూస్తానీలో జవాబు చెప్పాడు. "రిజిస్టరు పంపులో ల్యాదు దొరా. పాత కడ్డీ ఉండాది."

పోయి పని చూసుకొమ్మన్నాడు దొర. మా బావ పని చూసుకోవడానికే వెళ్లాడు. ఆ ఓడకు ఇచ్చిన పాసు ఇంకా చొక్కా జేబులోనే ఉంది. ఓడ మెట్ల దగ్గర కాపలా సిపాయికి అది చూపించి పైకెక్కాడు, నిచ్చెన మీద ఇంజన్ గదిలోకి దిగాడు, పంపు ముందున్న ఇనుప పలకల మీద పెళ్లిపీటల మీద లాగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

ఓడ ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. మలబారు వైపు యువకుడు, పంపు కొడుతోందని పట్టీలో రాసిందీ ఆయనే. కడ్డీ మార్చలేదని మా బావ చెబితే నమ్మలేకపోయాడు. కెప్టెన్ కూడా దిగివచ్చాడు. ఆయన తెల్లవాడు, తొందర మీద ఉన్నాడు.

"ఈ మనిషిని బయట పడేయండి," అన్నాడు కెప్టెన్.

ఇద్దరు సిపాయిలు రెక్కలు పట్టుకున్నారు. మా బావ రెండు చేతులతో పంపు కాళ్లను వాటేసుకున్నాడు. పంపు ఇనుము కాలుతోంది. ముంజేతి మీద ఆ మచ్చ నేను చూశాను.

"కిరసనాయిలు ఇంత, సీమసున్నం ఇంత, పావుగంట టైము. ఇవి ఇయ్యండి. చీలిక చూపీకపోతే మీరు పడేసేది యాల, నేనే సముద్రంలో దూకుతా!" అని అరిచాడు.

ఈత రాని మనిషి. సరదాకు అన్నాడా అని తర్వాత అడిగితే, కాదు, నిజంగానే అన్నాను అన్నాడు.

ఓడ ఇంజనీరు కెప్టెన్ వైపు చూశాడు. "పావుగంట సార్," అన్నాడు. కెప్టెన్ గడియారం తీశాడు.

రెండో పంపును నడిపి మొదటిదాన్ని ఆపారు. తడి గోనె చుట్టి కడ్డీని చల్లార్చారు. మా బావ దాని మెడకు కిరసనాయిలు పూసి, కాసేపు ఆగి, పొడిబట్టతో శుభ్రంగా తుడిచాడు. ఆ మీద సీమసున్నం పొడి పట్టించాడు. చీలిక ఉంటే అందులోకి దిగిన కిరసనాయిలు తిరిగి ఊరి సున్నం మీద తడి గీత గీస్తుంది. లేకపోతే సున్నం తెల్లగా ఉండిపోతుంది. అందరూ వంగి చూశారు.

తెల్లగానే ఉంది. ఐదు నిమిషాలు గడిచాయి. అలాగే ఉంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కెప్టెన్ గడియారం మూత వేశాడు.

"ఆగండి!" అన్నాడు మా బావ. "ఊరికే నిలబడిన కడ్డీ ఏం చెప్తాది? బరువు పడితే కదా నోరు తెరిచేది! ఆవిరి ఇడవండి. పని చేపీండి దానితో!"

కెప్టెన్ ఏదో అనేలోగా ఓడ ఇంజనీరు తన చేత్తోనే వాల్వు తిప్పాడు. కడ్డీ మెల్లగా పైకి లేచింది, దిగింది. మళ్లీ లేచింది. పదిసార్లు, ఇరవైసార్లు. మా బావ రెప్ప వేయలేదు. ఇరవై ఏడోసారికి తెల్ల సున్నం మీద ఒక సన్నటి నల్ల గీత పొడుచుకొచ్చింది. చూస్తుండగానే అది కడ్డీ చుట్టూ సగం దాకా పాకింది.

ఆ గదిలో ఇంకెవరూ నవ్వలేదు. నూనె గుడ్డలు పట్టుకుని నిలబడిన మనుషులు ఆ గీతనే చూశారు. దాని ముందు రోజూ నిలబడేది వాళ్లే.

ఓడ ఇంజనీరు ఆవిరి కట్టేసి నిటారుగా నిలబడ్డాడు. "ఈ పంపుతో నేను బయలుదేరను సార్," అన్నాడు.

కెప్టెన్ పైకి వెళ్లి, ఓడ ఆలస్యంగా వచ్చి కలుస్తుందని కబురు పంపించాడు. సరుకు ఓడలు వేరే కాపలా ఓడతో వెళ్లిపోయాయి. మా బావ లేతు దగ్గరికి తిరిగి వెళ్లి, మిగిలిన సగం కడ్డీ పూర్తిచేసి, మర్నాడు మధ్యాహ్నానికి బిగించాడు. రేవులోనే నాలుగు గంటలు పంపు నడిపించి, కొత్త కడ్డీకి కూడా సున్నం పెట్టి చూసి, అప్పుడు పైకెక్కాడు. ఆ మర్నాడు పొద్దున ఓడ వెళ్లింది.

అదే పొద్దున పెద్ద దొర పిలిపించాడు. బల్ల మీద టైపు కొట్టిన కాగితం ఉంది. గుమాస్తా చదివి వినిపించాడు. పని కాకుండానే అయిందని చెప్పాను, అది తప్పు. ఉత్తరువు మీరి ఓడ ఎక్కాను, అదీ తప్పు. రెంటికీ క్షమాపణ కోరుతున్నాను, ఇకముందు ఇలా చేయను. కింద సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది.

"మొదటి మాటకు పెడతా," అన్నాడు మా బావ. "నా నోరు జారింది నిజమే. రెండోది కొట్టెయ్యండి. రేపు ఇంకో ఓడ అట్ల పోతాంటే మళ్లా ఎక్కుతా. ఎక్కనని రాస్తే అబద్ధమయితాది."

కాగితం అంతా ఒకటే, సగం కొట్టేయడం కుదరదన్నాడు గుమాస్తా. మా బావ కలం బల్ల మీద పెట్టేశాడు. మధ్యాహ్నానికి పాసు లాగేసుకుని గేటు బయట నిలబెట్టారు. ఆ దొరకు ఎంత ఒళ్లు మండిందో నాకు తెలియదు గానీ, అది విన్నప్పుడు నాకు మాత్రం గర్వమేసింది. నేను జెండా పట్టుకుని జనంతో కలిసి అరిచాను. ఈయన ఒంటరిగా, కన్నడం ముక్కలతో, హిందూస్తానీ ముక్కలతో, వాళ్ల ఓడలోకే దిగి కూర్చున్నాడు.

చిక్కబళ్లాపురం దాకా రైలు, అక్కణ్ణించి పెట్రోలు కరువుకు బొగ్గుగ్యాసుతో నడిచే బస్సులో బాగేపల్లి. బస్సు దిగిన మనిషిని నేనే పరగోడు తీసుకెళ్లాను. దారంతా తల తిప్పుతూ చేల వైపు చూస్తూ వచ్చాడు. మా అక్క కాళ్లకు నీళ్లిచ్చింది, రాగిముద్ద పెట్టింది. తిన్నాక అప్పుడు చెప్పాడు, మొదటి నుంచి చివరి దాకా. ముగ్గురు పిల్లలు, ఆరెకరాల మెట్ట, చేతిలో పని లేదు. అక్క ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని నేను గోడకు ఆనుకుని ఎదురుచూశాను. ఆమె అడిగింది వేరే.

"ఆ ఓడ తిరిగొచ్చిందా?"

"నాకెట్ల తెలుస్తాది? అది పొయ్‌న పొద్దే నన్ను బయటికి పంపిరి. పేరు కూడా ఎవర్నీ అడిగేదానికి ల్యాదు."

"ఆ ఎనభై మందీ?"

"తెలీదు."

అక్క ఖాళీ కంచం తీసింది. "యుద్ధం కదా," అంది. "మునిగిపొయ్‌నుంటే?"

మా బావ లేచి చేయి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో మెల్లగా తుడుచుకున్నాడు.

"మునిగుంటే బాంబుకు మునిగుంటాది," అన్నాడు. "నా పంపుకు మాత్రం కాదు."